పచ్చసిరా సంతకం

శుభవార్త సాయంత్రం నాలుగూ పదికి వచ్చింది. ఆ సమయానికి బిందుమాధవి నోట్లో సగం మిర్చిబజ్జీ ఉంది, మిగతా సగం అభిలాష్ చేతిలో ఉంది. పెళ్లయి పందొమ్మిది రోజులే అయిన ఆ ఎల్బీనగర్ ఇంట్లో ఎవరి ప్లేటు వారిదన్న ఏర్పాటు ఇంకా రాలేదు.

ఫోన్ చేసింది సాంబమూర్తి మాష్టారు. ప్రభుత్వ కాలేజీలో లెక్చరర్‌గా రిటైరై, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతున్న పెద్దమనిషి. ఆయన గొంతులో పండగ వినిపిస్తోంది.

"అమ్మాయ్, మనిషి దొరికాడు. కార్తీక్. రేపు పొద్దున్న తొమ్మిదింటికి పేపర్ల గది తాళంచెవి అతని చేతిలో పెడుతున్నాను. ఇక నీ ఎంక్వైరీ పూర్తయినట్టే."

బిందు సంతోషించింది. ఈమధ్య సంతోషించడం ఆమెకి మరీ తేలికైపోయింది. మెట్రోలో పక్కపక్కన రెండు సీట్లు దొరికినా చాలు, ఆ రోజంతా ముఖం వెలిగిపోతుంది. కానీ ఆమె డిటెక్టివ్ కూడా. చేతులు తుడుచుకుంటూ, ఎలా తేల్చారు మాష్టారూ అని మామూలుగా అడిగింది.

ఆదివారం మాష్టారి సెంటర్ స్కాలర్‌షిప్ పరీక్ష పెడుతోంది. ఇరవై ఎనిమిది చోట్ల ఆరువేలమంది పేదింటి పిల్లలు రాస్తారు. మొదటి వందమందికి రెండేళ్లు ఉచితంగా చదువు, హాస్టల్. ఆ ప్రశ్నపత్రాలు ఇప్పుడు మూడో అంతస్తు గదిలో ఉన్నాయి. ఆ గదికి ఇన్‌చార్జిగా ఒక మనిషి కావాలి. చివరికి మిగిలింది ఇద్దరు. కార్తీక్ ఒకడు, మౌనిక అనే అమ్మాయి ఒకతె. ఇద్దరూ ఎలాంటివాళ్లో ఆరా తీయమని మాష్టారు వారం కిందట బిందుకి పని అప్పగించారు.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పని సంగతి ఆయన ఇప్పుడు ఉత్సాహంలో చెప్పేశారు. ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లని ఆయన ఇంటర్వ్యూలో నమ్మరట. వాళ్లు కూర్చునే గదిలో ఎవరో మరిచిపోయినట్టుగా ఒక ఖాకీ కవరు వదిలేస్తారు. దానిమీద 'రహస్యం' అని రాసి, రెక్క అంటించి, అతుకు మీదుగా పచ్చసిరాతో సంతకం ఉంటుంది. విప్పకుండా తెచ్చి ఇచ్చినవాడే మనిషి. పదకొండేళ్లుగా అదే కొలబద్ద.

"కార్తీక్ రెండు చేతులతో తెచ్చి ఇచ్చాడమ్మా. ఆ పిల్ల అరగంట అదే గదిలో కూర్చుని, మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయింది."

ఫోన్ పెట్టేశాక బిందు మిగిలిన బజ్జీ ముట్టలేదు. మౌనిక గురించి తను విన్నదానికి ఈ మాట అతకడం లేదు. కార్తీక్ సంగతి వేరు. అతను ఇదివరకు పనిచేసిన చోట ముగ్గురిని విడివిడిగా అడిగితే ముగ్గురూ ఒకే వాక్యం చెప్పారు. టైముకి వస్తాడు, టైముకి వెళ్తాడు, అనవసరంగా మాట్లాడడు. ఒకే వరసలో, ఎవరో అప్పజెప్పమన్నట్టు. అప్పుడది మంచి పేరు అనుకుంది. ఇప్పుడది పాఠంలా వినిపిస్తోంది.

"తిని పోవచ్చు గదా, చల్లగైతయి," అన్నాడు అభిలాష్. అతనిది నల్గొండ దగ్గర ఊరు. ఆ 'గదా' వింటే చాలు, బిందుకి నవ్వొస్తుంది. ఒక బజ్జీ కాగితంలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మెట్లు దిగింది.

మౌనిక పనిచేసే జిరాక్స్ షాపు కోర్టు వెనక సందులో ఉంది. బిందు అక్కడికి వెళ్లడం ఇది రెండోసారి. మొదటిసారి పెళ్లి రిజిస్ట్రేషన్ పేరు చెప్పి, శుభలేఖ కాపీలు తీయించుకుంటూ అరగంట గమనించింది. ఆ అమ్మాయి ఎవరి కాగితమైనా బోర్లించే పట్టుకుంటుంది. మెషీన్ మీద అచ్చువైపు కిందికి, బయటికొచ్చిన కాపీ కూడా కిందికే. కోర్టు కాగితాలు తెచ్చేవాళ్లు ఆమె దగ్గరే వరసలో నిలబడతారు.

నాలుగూ ముప్పై అయిదుకి బిందు కౌంటర్ ముందు నిలబడింది. ఈసారి తనెవరో దాచలేదు. మౌనిక ముఖంలో భయం కనబడింది, కానీ చేతులు పని ఆపలేదు. ఉద్యోగం రాలేదని మధ్యాహ్నమే మెసేజ్ వచ్చిందట.

పొద్దున్న పదిన్నర నుంచి పదకొండు దాకా మాష్టారి సెంటర్ గదిలో ఏం చూశావని బిందు అడిగింది. బెంచీలు, కిటికీ, పేపరు అంది మౌనిక. కవరు చూశావా అని అడిగేసరికి మెషీన్ మూత దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఆ ముచ్చట నేను చెప్పొద్దు మేడం."

"చెప్పకపోతే నువ్వే తీశావనుకుంటారు."

"అనుకోనియ్యుండ్రి. ఒకరి కాయితం ముచ్చట ఇంకొకరికి చెప్పేదుంటే ఈ షాపుల నన్ను రెండు దినాలు గూడ ఉంచకపోదురు."

ఎన్ని రకాలుగా అడిగినా అదే జవాబు. దొంగతనం దాచేవాళ్లూ ఇలాగే మొండికేస్తారు. బిందుకి మొదటిసారి తన అంచనా మీదే అనుమానం వచ్చింది. ఇంతలో ఒక ముసలాయన వచ్చి, నిన్న తన భూమి కాగితం ఇక్కడే మరిచిపోయానని గోల పెట్టాడు. మౌనిక గోడకి వేలాడుతున్న రేకు డబ్బా చూపించింది. పైన సన్నటి సందు, కింద తాళం. మరిచిపోయిన కాగితాలన్నీ అందులో వేస్తారట. ఓనరొచ్చి తీసి, ఎవరిది వాళ్లకే ఇస్తాడట. తాళంచెవి తన దగ్గర ఉండదని చెప్పింది.

బిందు అది విని ఊరుకుని మెట్రో ఎక్కింది. మూడో స్టేషన్‌లో దిగి, అయిదూ అయిదుకి మాష్టారి గదిలో ఉంది.

ఆ గదిలో అప్పటికే ఇద్దరున్నారు. నీలం చొక్కా ఇస్త్రీ చెడకుండా కూర్చున్నవాడు కార్తీక్. లాప్‌టాప్ ముందు పెట్టుకున్నవాడు రవితేజ. కంపెనీలకి మనుషుల్ని ఎంపిక చేసిపెట్టే కన్సల్టెంట్. వారం రోజులుగా మాష్టారి సెంటర్‌కి వస్తూ, వ్యక్తిత్వ పరీక్ష పెట్టింది ఇతనే. బిందు రావడం అతనికి నచ్చలేదు, ఆ సంగతి దాచుకోనూ లేదు.

"మేడం, మీరు పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు కూడా చేస్తారట కదా. ఇది వేరే సబ్జెక్టు. కార్తీక్ స్కోరు తొంభై నాలుగు. ఆ అమ్మాయిది అరవై ఒకటి. కళ్లలోకి చూడదు. ప్రతి ప్రశ్నకీ నాలుగు సెకన్లు ఆగి మాట్లాడుతుంది."

"ఆలోచించి మాట్లాడితే మార్కులు తగ్గుతాయాండీ?"

"తడబాటుకి తగ్గుతాయి."

"మా పెళ్లి సంబంధాల్లో అయితే తడబడకుండా చెప్పేవాడి ఇంటికే రెండోసారి వెళ్తాం."

మాష్టారు చిన్నగా నవ్వి, రవితేజ ముఖం చూసి నవ్వాపుకున్నారు. రవితేజ నూట ఇరవై ప్రశ్నల పరీక్ష గురించి చెప్పుకుపోయాడు. కార్తీక్ ఎంత ఆత్మవిశ్వాసంతో రాశాడంటే మొత్తం తొమ్మిది నిమిషాల్లో ముగించాడట. మౌనికకి ముప్పై ఒక్క నిమిషాలు పట్టిందట.

బిందు వేళ్ల మీద లెక్క కట్టింది. ఒక్కో ప్రశ్నకి నాలుగున్నర సెకన్లు. చదవడానికే చాలని సమయం. ఈ మాట పైకి అనలేదు. కార్తీక్ వైపు తిరిగి, అభినందనలు చెప్పి, కవరు ఎప్పుడు చూశారని అడిగింది.

పదకొండింటికి తను గదిలోకి వెళ్లానని, పదకొండూ ఇరవైకి కవరు కనబడిందని, వెంటనే తెచ్చి సార్ చేతికిచ్చానని అతను గడగడా చెప్పాడు. తడబాటు ఎక్కడా లేదు.

"ఎక్కడ కనబడింది?"

"కిటికీ పక్కన కుర్చీ మీద మేడం."

మాష్టారి చేతిలో పెన్ను ఆగింది. బిందు దాన్ని చూసింది, కార్తీక్ చూడలేదు. ఆమె మళ్లీ అభినందనలు చెప్పి, కింద ఆఫీసులో ఫారాలు నింపాలేమో చూసుకోమని అతన్ని పంపించేసింది. తలుపు మూసుకున్నాక మాష్టారు మెల్లగా చెప్పారు. పదేళ్లపాటు కవరు ఆ కుర్చీ మీదే పెట్టారట. కుర్చీ కోడు విరిగిందని ఈసారే మార్చి, బల్లమీది న్యూస్‌పేపరు మడతలో పెట్టారట.

"ఆ అమ్మాయి తీసి చూసి, కుర్చీ మీద పడేసి ఉండొచ్చు," అన్నాడు రవితేజ.

అలా జరిగి ఉండవచ్చని బిందు ఒప్పుకుంది. పదండి చూద్దామంది.

ముగ్గురూ రెండో అంతస్తుకి వెళ్లారు. చిన్న గది. రెండు బెంచీలు, ఒక బల్ల, కిటికీ పక్కన కోడు విరిగిన కుర్చీ. ఆ కుర్చీని గోడకి ఆనించి నిలబెట్టారు. దానిమీద కవరు పెడితే జారి కింద పడాల్సిందే. బిందు తన శుభలేఖ కవరు ఒకటి తీసి పెట్టి చూసింది. నున్నగా జారి రవితేజ బూటు మీద పడింది. అతను దాన్ని తీసి ఇచ్చాడు.

ఇక గది దాటి వరండాలోకి వచ్చింది. మాష్టారి గదికి ఇక్కణ్నుంచి ఇరవై అడుగులు. మౌనిక పదిన్నరకి కవరు చూసిందనుకుంటే ఎవరికివ్వాలి? పదిన్నర నుంచి పదకొండు దాకా మీరెక్కడున్నారని మాష్టారిని అడిగింది. తలుపు వేసుకుని పేరెంట్స్‌తో మాట్లాడుతున్నానన్నారు. అయితే ఆ పిల్ల ఆఫీసులో ఇవ్వొచ్చు కదా అన్నాడు రవితేజ.

బిందు వెనక్కి తిరిగింది. మాష్టారి తలుపు పక్కన గోడకి ఆకుపచ్చ రేకు పెట్టె వేలాడుతోంది. విద్యార్థుల ఫిర్యాదులు అని రాసి ఉంది. పైన సన్నటి సందు. కింద తాళం.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఎల్బీనగర్ జిరాక్స్ షాపు గోడ కళ్లముందు కనబడింది.

"మాష్టారూ, ఈ పెట్టె ఎప్పుడు తెరుస్తారు?"

"శనివారం. పిల్లలు పేర్లు రాస్తారు కదా, అందుకే తాళంచెవి ఎవరికీ ఇవ్వను." ఆయన చొక్కా పైగుండీ విప్పి జంధ్యం బయటికి లాగారు. చిన్న ఇత్తడి తాళంచెవి దానికి ముడివేసి ఉంది.

అయిదూ నలభై రెండుకి పెట్టె తెరుచుకుంది. మూడు మడత కాగితాలు, ఒక చాక్లెట్ రేపరు, వాటి కింద ఖాకీ కవరు. 'రహస్యం' అన్న అక్షరాలు, పచ్చసిరా సంతకం. రెక్క చెక్కుచెదరలేదు. కవరు మాత్రం బోర్లా పడి ఉంది.

బిందు జిరాక్స్ షాపు డబ్బా సంగతి చెప్పింది. ఎవరి కాగితమో వాళ్ల చేతికే, వాళ్లు లేకపోతే తాళమున్న డబ్బాలోకే. ఆ తర్వాత దాని గురించి మాటే ఉండదు. ఆ పిల్లకి తెలిసిన పద్ధతి అదొక్కటే. మీరు పెట్టిన పరీక్ష ఆమె పాసైంది మాష్టారూ, మీకు తెలియకుండా పాసైంది అంది.

"నేను పెట్టింది ఒక్క కవరే," అన్నారు మాష్టారు.

"అవును. తిరిగొచ్చినవి రెండు."

గదిలోకి వెళ్లి, కార్తీక్ ఇచ్చిన కవరు సొరుగులోంచి తీశారు. పక్కపక్కన పెడితే తేడా లేదు. అదే ఖాకీ, అదే సంతకం. రెండూ విప్పమంది బిందు. పెట్టెలో దొరికినదాంట్లో మాష్టారు పెట్టిన పాత ప్రశ్నపత్రం ఉంది. కార్తీక్ తెచ్చినదాంట్లో మడిచిన నాలుగు తెల్లకాగితాలు ఉన్నాయి.

రవితేజ లాప్‌టాప్ మూసేశాడు. అతని చెంపలు ఎర్రబడ్డాయి. తన ప్రశ్నల బుక్‌లెట్లు సోమవారమే ఇక్కడికి చేరాయని, తను వ్యక్తిత్వ పరీక్ష పెట్టేదాకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయని తనంతట తనే చెప్పాడు. తొమ్మిది నిమిషాలు చూసి మురిసిపోయానన్నాడు. బిందు దెప్పలేదు. ఆ మాట చెప్పడం అతనికి ఎంత కష్టమో ఆమెకి కనబడింది.

"సంతకం దొంగదా?" అని అడిగాడు.

మాష్టారు కవరుని వెలుతురులో పెట్టి చూశారు. తలెత్తలేదు. "నాదే," అన్నారు. కాసేపటికి మిగతాదీ చెప్పారు. ప్రతిసారీ కవరు అంటించాక సంతకం పెట్టాలంటే రోజంతా పడుతుంది. అందుకని సోమవారం ఖాళీ కవర్లకే రెక్క మడిచి, అంచు మీదుగా నలభై సంతకాలు ఒక్క ఊపున పెట్టేశారట. లోపల కాగితాలు పెట్టి అంటిస్తే సంతకం రెండు సగాలూ కలిసిపోతాయి. ఏళ్ల తరబడి అలవాటు.

చోటుకొకటి చొప్పున ఇరవై ఎనిమిది కవర్లు ఆదివారం పరీక్షకి. మంగళవారమే నింపి, అంటించి, పేపర్ల గదిలో పెట్టారు. ఒకటి మనుషుల్ని పరీక్షించడానికి. మిగలాల్సింది పదకొండు.

అవి ఆఫీసు బీరువాలో ఉంటాయి. మాష్టారి దగ్గర రెండో తాళంచెవి ఉంది. ఆఫీసులో వాళ్లు కింద బ్యాచ్ మారే హడావుడిలో ఉన్నప్పుడు బిందు వెళ్లి లెక్కపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆరే ఉన్నాయి.

అంటే అయిదు పోయాయి. ఒకటి కార్తీక్ చేతిలో తిరిగొచ్చింది. నాలుగు బయట ఉన్నాయి.

ఆ నాలుగూ దేనికో మాష్టారికి వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. పేపర్ల గది తాళంచెవి రేపటిదాకా ఆయన దగ్గరే ఉంటుంది. రేపు తొమ్మిదింటికి కార్తీక్ చేతికొస్తుంది. సెట్టుకొకటి చొప్పున నాలుగు కవర్లు చింపి, నాలుగు సెట్ల పేపర్లూ ఫొటో తీసుకుని, సంతకమున్న కొత్త కవర్లలో పెట్టి అంటించేస్తే ఆదివారం ఎవరికీ అనుమానం రాదు. వంద సీట్లూ కొనుక్కున్నవాళ్లకి పోతాయి. ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"కానీ కవరు పరీక్ష సంగతి నేనెవరికీ చెప్పలేదమ్మా. ఈ పదకొండేళ్లలో ఒక్కరికీ చెప్పలేదు."

"మీరు చెప్పక్కర్లేదు మాష్టారూ. పాసైన ప్రతివాళ్లకీ తెలుసు. ఈ ఆఫీసులో ఉన్నవాళ్లంతా మీకు కవరు తెచ్చిచ్చినవాళ్లే. తెలియనిది ఉద్యోగం రాకుండా వెళ్లిపోయినవాళ్లకి."

ఆ మాటకి ఆయన కళ్లు మూసుకున్నారు. బిందు ఆగి, మిగతాది జాగ్రత్తగా చెప్పింది. కార్తీక్ కిటికీ కుర్చీ అన్నాడు. అంటే అతనికి చెప్పినవాళ్లకి పాత చోటే తెలుసు. ఇది వారం కిందట వచ్చిన రవితేజ గారి పని కాదు. మౌనిక ముందు వెళ్లి కవరు తీసేస్తే ఎలా అని ముందుచూపుతో ఇంకో కవరు సంచిలో పెట్టి పంపిన మనిషి పని. బుక్‌లెట్లూ సంతకాల కవర్లూ ఉన్న బీరువా తెరవగల మనిషి. ఆ తాళంచెవి మీరు కాక ఇంకెవరి దగ్గర ఉంటుంది?

"ఆఫీసు చూసుకునే నాగేశ్వరి," అన్నారు మాష్టారు. ఇంకేదో చెప్పబోయి మింగేసి, చివరికి అన్నారు. "నాకు మొట్టమొదట కవరు తెచ్చిచ్చింది ఆవిడే. ఆ కుర్చీ మీదిదే. అప్పటినుంచి ఏ తాళమైనా ఆవిడ చేతిలోనే పెట్టాను."

కార్తీక్‌ని ఇప్పుడే పట్టుకుని పోలీసులకి అప్పజెబుదామన్నాడు రవితేజ. బిందు వద్దంది. ఇప్పుడు పట్టుకుంటే దొరికేది తెల్లకాగితాల కవరు తెచ్చిన కుర్రాడొక్కడే. నాలుగు కవర్లూ ఎక్కడున్నాయో తెలియదు, వెనకున్నది నాగేశ్వరా, బీరువా తాళంచెవి తీసుకున్న ఇంకెవరైనానా అన్నదీ తెలియదు. పదకొండేళ్లు నమ్మిన మనిషి మీద రుజువు లేకుండా మాట వేయడం మాష్టారికీ ఇష్టంలేదు.

బిందు గొంతు తగ్గించి ఏం చేయాలో చెప్పింది. చెబుతూ బ్యాగులోంచి చల్లారిన బజ్జీ తీసి కొరికింది. మాష్టారు ఆశ్చర్యంగా చూస్తే, ఇంట్లో ఇచ్చి పంపారండీ అని సిగ్గుపడింది.

అప్పుడే తలుపు తోసుకుని నాగేశ్వరి వచ్చింది. యాభై దాటిన మనిషి, నుదుటిమీద పెద్ద బొట్టు, చేతిలో మూడు కప్పుల టీ ట్రే. బల్లమీద కవర్లు అప్పటికే రవితేజ లాప్‌టాప్ కిందికి వెళ్లిపోయాయి. అతనికి ఎవరూ సైగ కూడా చేయలేదు. మొదటిసారి బిందుకి అతను నచ్చాడు.

"ఏమ్మా బిందూ, పెళ్లికళ ఇంకా తగ్గలేదే," అని నాగేశ్వరి ఆప్యాయంగా పలకరించింది. ఎవరి టీలో చక్కెర తక్కువో ఆమెకి గుర్తుంది. కప్పులు పెడుతూ మాష్టారి వైపు తిరిగింది. "వరండాలో ఫిర్యాదుల పెట్టె తీసినట్టున్నారు సార్. ఇవాళ శనివారం కాదు కదా."

మాష్టారు బిందు వైపు చూశారు. బిందు నవ్వింది. కొత్తపెళ్లికూతుళ్లు కారణం లేకుండా నవ్వుతారని అందరూ అనుకునే నవ్వు అది.

"నా శుభలేఖ కవరు పొరపాటున అందులో వేశానండీ, పోస్టు డబ్బా అనుకుని. మాష్టారు కోప్పడి తీసిచ్చారు."

నాగేశ్వరి కూడా నవ్వింది. ఆ నవ్వు కళ్లదాకా వెళ్లిందో లేదో బిందు తేల్చుకోలేకపోయింది. ట్రే తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, రేపటి ఏర్పాటులో మార్పేమీ లేదు కదా అని అడిగింది.

"ఏమీ లేదు," అన్నారు మాష్టారు. "తొమ్మిదింటికి కార్తీక్‌కి తాళంచెవి ఇస్తున్నాను. నువ్వు దగ్గరుండు నాగేశ్వరీ."

తలుపు మూసుకుంది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు కిందికి దిగేదాకా ముగ్గురూ కదల్లేదు.

అప్పుడు బిందు ఫోన్ తీసి మౌనికకి చేసింది. రెండో రింగుకే ఎత్తింది. జిరాక్స్ మెషీన్ చప్పుడు వినిపిస్తోంది.

"నీ కవరు దొరికింది మౌనికా. మాష్టారి చేతికే చేరింది."

అవతల కాసేపు మాట లేదు. నాలుగు సెకన్లు అయ్యుంటుంది.

"గప్పుడే అనుకున్న మేడం, డబ్బాల ఏసింది ఆగం కాదని."

"రేపు పొద్దున్న ఎనిమిదింటికి వచ్చెయ్. వెనక మెట్ల మీదుగా రా, ఎవరికీ కనబడకు. మూడో అంతస్తు పేపర్ల గదిలో అసలు పేపర్లు ఉండవు, ఇవాళే మాష్టారూ రవితేజ గారూ కారులో తీసుకెళ్లిపోతున్నారు. వాటి చోట ఇరవై ఎనిమిది పాత పేపర్ల కవర్లు ఉంటాయి. తొమ్మిదింటికి తాళం తెరుచుకుంటుంది. నువ్వూ నేనూ అప్పటికే లోపల బీరువా వెనక ఉంటాం. ఆఫీసులోంచి దొంగిలించిన సంతకాల కవర్లు నాలుగున్నాయి, అవి ఎవరి చేతిలో లోపలికొస్తాయో నువ్వు చూడాలి. చూసింది ఎవరికీ చెప్పకూడదు, మాష్టారికి తప్ప."

"అది నాకొచ్చు మేడం," అంది మౌనిక.